జానెడంటే నా జానెడు

అమ్మా, దొరికింది! మైకు పెట్టాల్సిన చోటు దొరికింది!

నాన్న బీరువా తలుపులు బార్లా తీసి, చొక్కాలకి వీపు పెట్టి నిలబడి పాడు. గది మోతంతా అవే మింగేస్తాయి. మైకు నోటికి ఎదురుగా ఉంటే నువ్వు 'భ' అన్నప్పుడల్లా టపాకాయ పేలుతోంది. అందుకే కాస్త పక్కకి, జానెడు దూరంలో పెట్టాను. జరపకు. జానెడంటే నా జానెడు! నీ బుల్లి చేత్తో కొలవబట్టే నిన్నటి పాటంతా కుండలో పాడినట్టుంది.

ఎర్ర బటన్ నొక్కి మొదలుపెట్టు. "నాకేం పాటలే ఇప్పుడు" అనకు, అదీ రికార్డవుతుంది. పోటీకి పంపడానికి ఈరోజే ఆఖరు.

ఇన్నాళ్లూ నువ్వు గొంతెత్తగానే నాన్న "వార్తలు విననివ్వు" అనేవారు కదా. ఆయన చొక్కాలు చూడు, ఎంత బుద్ధిగా వింటాయో!

అన్నట్టు, టీవీ రిమోటు నా బ్యాగులో ఉంది. ఆయన అడిగితే నీకు తెలీదు.