అప్పన్న దించిన శ్రుతి

ఆదివారం, రాత్రి

యాభై దాటినా నా గొంతు చెక్కుచెదరలేదని పలాసలో చాలామంది అంటారు. అందరికంటే ఎక్కువగా అన్నది నేనే.

ఈ సాయంత్రం రిహార్సల్లో ఆ పరువు కాస్తా పోయింది. కీబోర్డు వాయించడానికి కొత్తగా చేరిన సుజాత, మా రాక్ బ్యాండు పాత రికార్డింగు విని నేర్చుకొచ్చి, మా మొదటి పాట అందుకుంది. చరణంలో పైకి లాగాల్సిన చోట నా గొంతు కీచుమని ఆగిపోయింది. మూడుసార్లు ప్రయత్నించాను. స్కేలు తప్పు వాయిస్తున్నావని ఆ పిల్లనే కసురుకున్నాను.

"పాత రికార్డింగులో ఇదే స్కేలు అంకుల్" అని ఫోన్లో వినిపించింది. అందులో ముప్పై ఏళ్ల నేను, ఆమె వాయించిన స్కేల్లోనే హాయిగా పాడుతున్నాను.

అంకుల్ అట.

ఇరవై ఏళ్లుగా నా పక్కన గిటారు వాయిస్తున్న అప్పన్న తలెత్తలేదు.

"ఏటిరా ఇది?" అన్నాను.

"ఆరేళ్ల నుంచీ నీ పాటల శ్రుతి కొంచెం కొంచెంగా దించుతున్నాను బావా. ఇప్పటికి రెండు మెట్లు దిగింది. ముందే సెప్తే నువ్వు ఒప్పుకుంటావేటి?"

ఇంటికి వచ్చేశాను. అన్నం సహించలేదు. ఈ ఆరేళ్లలో ఎంతమంది ముందు గొప్పలు పోయానో తలుచుకుంటే ఒళ్లు మండుతోంది. వాడి మీదో, నా మీదో తెలియదు.

శనివారం టెక్కలిలో షో ఉంది. ఇందాక వాడికి ఫోన్ చేశాను.

"కోపమా బావా?" అన్నాడు.

"ఇంకో అర మెట్టు దించు. ఈసారి నాకు సెప్పి దించు" అని పెట్టేశాను.