చింతపండుతో తోమిన ఇంజన్

బాబిగా,

ఈరోజు నీ సంవత్సరీకం. చెరకు ఫ్యాక్టరీ పాత ఆవిరి రైలింజన్‌ని చూసి నువ్వు చేసిన చిన్న ఇత్తడి ఇంజన్‌ని దేవుడి సామాన్లతో పాటు చింతపండు పెట్టి తోమేశాను. మెరిసింది గానీ చక్రాలు కదల్లేదు. నీ పెళ్లాం పరుగెత్తుకొచ్చింది.

"అత్తా, ఏటి సేసీసినావు! నూనంతా పోనాది!"

నూనె చుక్కలు వేసి, నీళ్లు పోసి, వత్తి వెలిగించింది. ఇంజన్ కూత పెట్టుకుంటూ గదంతా తిరిగింది. నాకు ఏడుపు రాలేదు, కుళ్లొచ్చింది. కన్నతల్లికి చెప్పని పని దానికి నేర్పావా? ఇంజన్ నా గదిలోనే ఉండాలని దెబ్బలాడి తెచ్చుకున్నాను.

"ఉంచుకో అత్తా. నడపడం నాను నేర్పుతాను."

నీ చేతి పని దాని దగ్గర నేర్చుకోవాలా? అయినా రేపు అడుగుతాను.

విస్తట్లో నెత్తళ్ల చేపల పులుసు పెట్టాను. కడుపునిండా తినరా.