నీ ఎత్తున గూడు

అక్కా,

నువ్వు ఉప్పెనలో పోయి ఇవాళ్టికి రెండేళ్ళు. మీ ఆయన నన్ను చేసుకుని ఏడాది.

ఇల్లు కొట్టుకుపోయినవాళ్ళకి కట్టిస్తున్న పక్కా ఇళ్ళలో మనకూ ఒకటి వచ్చింది. పోయిన నెల కంకిపాడు మేస్త్రి వంటగదిలో గూడు కొలుస్తుంటే, "కిందికి పెట్టండి మేస్త్రిగారూ, దానికి అందదు" అన్నారు ఆయన.

మేస్త్రి నావైపు చూశాడు. నేను ఆయనకన్నా బెత్తెడు పొడుగు. పొట్టిదానివి నువ్వట. ఆయన నాలుక కరుచుకుని బయటికి వెళ్ళిపోయారు.

"ఎక్కడ పెట్టమంటారమ్మా?"

"ఆయన చెప్పిన చోటే పెట్టండి" అన్నాను, ఒళ్ళు మండి.

ఇవాళ ఇంట్లో చేరాం. ఉప్పుజాడీ కోసం వంగాను. పెళ్ళిలో నీ పేరున నా మెళ్ళో కట్టిన సవతిబిళ్ళ ముందుకు ఊగి, నాకన్నా ముందు గూట్లోకి వెళ్ళింది.