అంగుళం వదలని పెట్టె

బావగారికి నమస్కారం. మేం బాగానే ఉన్నాం, మీ సంగతి మీరే రాయాలి.

ఫోను మధ్యలో పెట్టేసింది మీరు, అందుకే ఉత్తరం. మా అమ్మాయీ మీ అబ్బాయీ కన్న పిల్లకి కంప్యూటరు నేనే కొన్నాను. ఇళ్ల ప్లాన్లు గీసే పని ఇక మా ఇంట్లోనే కూర్చుని చేసుకుంటుంది. అందుకోసం మీ ఇంటికి రానక్కర్లేదు. షాపులో అన్నిటికన్నా ఖరీదైనది, చూస్తే దారపుండల డబ్బా అంత. నలభై ఏళ్లు కత్తెర పట్టిన చెయ్యి నాది. చుట్టూ తడిమి చూశాను, ఎక్కడా కుట్టు తగల్లేదు. పనితనమంటే అదీ.

ఇట్లు,
దర్జీ బావ

తా.క. బీరువా అంత ఉన్న మీ కంప్యూటరు కుర్చీగా పనికొస్తుంది.

*

దర్జీ బావగారికి రేడియో మెకానిక్ నమస్కరించి రాసేది.

కుట్టు లేదని మురిసిపోతున్నారు, దాని రోగమే అది. పని పెరిగితే లోపల పెంచడానికేం లేదు. మెమరీ మొత్తం అతికించేసి ఉంటుంది. ముప్పై రెండు మన పిల్లకి ఏం సరిపోతుంది? ఏడాదిలో అరవై నాలుగు అవుతుంది చూడండి. నా పెట్టెకైతే మూత తీసి ఇంకో ముక్క గుచ్చితే సరి. దాన్ని వాపసిచ్చేసి పిల్లని ఇక్కడికి పంపండి.

ఇట్లు,
మీ బావ

తా.క. కుర్చీగానే వాడుతున్నాం. మీదాని మీద మాత్రం కూర్చోకండి.

*

అయ్యా బావగారూ,

కళ్లద్దాలు మార్చుకోండి. పిల్ల నడుము ఇరవై ఎనిమిది, కొలిచింది నేను. ముప్పై రెండే దానికి వదులు. అరవై నాలుగు నడుము నా సర్వీసులో ఒక్కడికే చూశాను, టేపు చాలక తాడు తెచ్చాం. సొంత మనవరాలిని అంత మాటంటారా?

లోపల ఏమీ లేదన్నారు. ఎదిగే పిల్లలకి కుట్టేటప్పుడు లోపల రెండు వేళ్ల గుడ్డ వదలని దర్జీ ఉంటాడా? అంత పనిమంతుడు వదలకుండా ఎలా ఉంటాడు? మీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి కూర్చుంటే లేస్తున్నాను, లేస్తే కూర్చుంటున్నాను. ఇక లాభం లేదు, విప్పి చూస్తాను.

ఇట్లు,
దర్జీ బావ

తా.క. చిన్న కత్తెర సానపట్టించాను.

*

బావగారూ,

ముందు ఆ కత్తెర కింద పెట్టండి. అరవై నాలుగు పెట్టె మెమరీ కొలత, పిల్ల నడుము కాదు. లోపల వదిలిందేం లేదు. ఏం కావాలన్నా వెనక కన్నాలకి బయటనుంచి తగిలించుకోవాలి. పిల్ల గీసినవన్నీ అందులోనే ఉన్నాయి. శుక్రవారం ఆఫీసులో ఇవ్వకపోతే ఉద్యోగం పోతుంది. మీకు దణ్ణం పెడతాను, దాన్ని మీ ఇంట్లోనే ఉంచుకోండి. పిల్లని కూడా.

ఇట్లు,
మీ బావ

తా.క. ఆఖరి మాట మీ చెల్లెమ్మకి తెలియకుండా రాశాను.

*

బావగారికి,

విప్పలేదు. విప్పుదామని వెళ్తే పెట్టె లేదు, పిల్లా లేదు. శుక్రవారం ప్లాన్లు ఇచ్చిందట, ఉద్యోగం ఖాయం చేశారట. ఆఫీసు పక్కనే గది తీసుకుని, పెట్టె సంచిలో వేసుకుని బస్సెక్కేసింది. నాకు చెబితే వద్దంటానని వాళ్లమ్మకి చెప్పి వెళ్లింది. అననా మరి?

మీరే గెలిచారు. మీ మాట విని బీరువా లాంటిది కొనుంటే, మొయ్యడానికి నలుగురు కావాలి, పిల్ల గడప దాటేది కాదు. మీరు చెప్పిన కారణం మాత్రం తప్పు.

ఇట్లు,
దర్జీ బావ

తా.క. ఆ సంచి కుట్టింది నేనే. దుమ్ము పడకుండా తొడుగు అడుగుతోందనుకున్నాను. తొడుగుకి భుజానికేసుకునే పట్టీ ఎందుకే అంటే నవ్వింది. తెగకుండా రెండు వరసలు వేశాను.