మఫాయో కొట్టులో మోగే ఫోన్

థోకో నాన్నకు,

గనుల దగ్గర నుంచి మీరు పంపిన పెద్ద ఫోన్ అద్దంలా మెరుస్తోంది. కానీ మధ్యాహ్నానికే బ్యాటరీ అయిపోతోంది. మన పాత బటన్ల ఫోన్ వేరే కంపెనీది, ఒకసారి చార్జింగ్ పెడితే వారమంతా వస్తుంది. కొత్తదేమో జుట్టు కత్తిరించే మఫాయో కొట్టులో, ఎప్పుడూ సోలార్ చార్జింగ్‌లోనే ఉంటోంది. మీరు చేస్తే అతనే ఎత్తుతున్నాడు. నిన్న అందరి ముందూ అరిచాడు: "వదినా, అన్న కలలోకి వచ్చావట! సరస్సులో పడవ మీద మీరిద్దరేనట! మిగతాది చెప్పమంటావా?"

సిగ్గుతో పారిపోయి వచ్చాను. మిగతాది వినలేదు.

ఇకమీదట పాత నంబరుకే చేయండి. దాన్ని నడుముకు చుట్టుకునే చితెంజె గుడ్డ అంచున ముడివేసుకుని మొక్కజొన్న చేలోకి వెళుతున్నాను. ఆకులు గలగలమన్నా మీరే పిలిచినట్టుంటోంది. ఆ కల మొదటినుంచి చెప్పండి. ఈసారి పారిపోను.

మీ,
థోకో అమ్మ