నా పన్ను మినహాయింపును దయతో తిరస్కరించగలరు

బంటింగ్,
ఫిబ్రవరి నెల.

పన్ను మదింపు అధికారి శ్రీ కృష్ణకుమార్ గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: వృద్ధుల ఆదరణ నిలయమునకు దానమిచ్చిన పాత కారుపై నేను కోరిన పన్ను మినహాయింపును తిరస్కరించుట, తద్వారా మా అమ్మను నాకు తిరిగి ఇప్పించుట గురించి.

బంటింగ్ కాపురస్తుడు, రబ్బరు గ్లవ్స్ ఫ్యాక్టరీ స్టోరులో పనిచేసి రిటైరైనవాడు, అప్పడు కుమారుడు కన్నబాబు అను నేను చేసుకొను మనవి ఏమనగా:

తమ కార్యాలయమునకు జనం మినహాయింపు ఇమ్మని వస్తారు. నేను ఇవ్వవద్దని వస్తున్నాను. నాకు మతి చెడలేదు. కిందటి వారం తమరు నన్ను పిలిపించి, "మీరు దానమిచ్చిన కారు రోజూ మీ ఇంటి ముందే ఆగుతోందని ఎవరో మాకు ఉత్తరం రాశారు. ఎందుకు ఆగుతోంది?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోగా నా భార్య విజయరాణి తెరిచింది. మేమిద్దరం కౌంటరు ముందే తెలుగులో పోట్లాడుకుంటుంటే తమరు నవ్వాపుకుని, "మా తాతగారిదీ శ్రీకాకుళం పక్కేనండి. ఇదంతా కాగితం మీద పెట్టి ఇవ్వండిలా" అని, ఈ దేశంలో అందరిలాగే మాట చివర ఒక "లా" తగిలించి అన్నారు. పెట్టి ఇస్తున్నాను. ఫైలు కోసం ఇక్కడి సర్కారు భాష అయిన మలయ్ ప్రతిని మా అమ్మాయి షామిని తయారు చేసింది. అందులో మర్యాద కోసం చాలా సంగతులు వదిలేసింది. నిజం కావాలంటే ఇది చదవండి.

1. సదరు వాహనము చిన్న కంచిల్ కారు. రంగు ఒకప్పుడు ఎరుపు. మా నాన్న అప్పడు రబ్బరు తోట పని మానిన తరువాత కొన్నాడు. మా వంశంలో సొంతంగా నాలుగు చక్రాలు చూసింది దానితోనే. తోట లారీ వెనక నిలబడి వెళ్ళడం లెక్కలోకి రాదు కదా. కొన్ననాడు గుడి ముందు నిమ్మకాయలు తొక్కించి, డాష్‌బోర్డు మీద సింహాద్రి అప్పన్న విగ్రహాన్ని, ఇత్తడిది, బొటనవేలంతది, పూజారి చేత పెట్టించాడు. గుంతల రోడ్డులో దేవుడు పడిపోతాడేమోనని మెకానిక్ చేత మరలు కూడా బిగించాడు. ఆ తరువాత మా నాన్న పోయాడు, కారు రంగు పోయింది, అప్పన్న మాత్రం అంగుళం కదలలేదు.

2. నిరుడు మేము కొత్త కారు కొన్నాము. పాతది వాకిట్లో ఎండకు ఎండి వానకు తడుస్తూ ఉండిపోయింది. సైబర్‌జయలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే షామిని డిసెంబరులో ఇంటికి వచ్చి దాన్ని చూసి, "అప్పా, ఇది అమ్మితే ఏం రాదులా. చారిటీకి ఇచ్చేయ్. ఇయర్ ఎండ్ లోపల ఇస్తే టాక్స్‌లో కట్ చేసుకోవచ్చు. పుణ్యం కూడా వస్తుంది" అంది. పుణ్యమూ మినహాయింపూ ఒకే బండిలో ఎక్కి వస్తామంటే వద్దనే మనిషి ఎవడు? నేను వద్దనలేదు.

3. సంవత్సరం చివరి రోజుకు ముందు రోజు నిలయం మేనేజరు షణ్ముగం గారు కారు తీసుకువెళ్ళడానికి వచ్చారు. కారుకు పూలదండ వేశాము. ఆయన నాకు శాలువా కప్పారు. తాళంచెవి ఇస్తూ ఫోటో దిగాను. ఆ ఫోటోలో నా ముఖం తమరు చూడాలి, ఏనుగును దానమిచ్చిన రాజు కూడా అంత గర్వపడి ఉండడు. సరిగ్గా అప్పుడే మా అమ్మ కూర్మమ్మ కర్ర పొడుచుకుంటూ బయటకు వచ్చి కారులోకి తొంగిచూసింది.

"ఓలమ్మో! అప్పన్నని దింపకుండా బండి ఇచ్చేసినావేట్రా?"

అయ్యా, మరచిపోయాను. జాకీ తీశాను, గొడుగు తీశాను, సీటు కింద నుంచి విజయరాణి దువ్వెన కూడా తీశాను. దేవుడిని మరచిపోయాను. స్క్రూడ్రైవరు తెస్తానని లోపలికి పరుగెత్తబోతే అమ్మ కర్ర అడ్డం పెట్టింది.

"దేవుణ్ణి మేకు పీకినట్టు పీకేస్తావేటి? ఉద్వాసన సెప్పించొద్దా?"

పూజారి వచ్చి మంత్రంతో సాగనంపనిదే పూజలందుకున్న విగ్రహాన్ని కదపకూడదని మా ఇళ్ళలో ఆచారం. పూజారికి ఫోన్ చేశాను. "ఇది ధనుర్మాసం కదయ్యా. ఈ నెలలో దేవుణ్ణి కదపరాదు, బండి చేతులు మార్చరాదు. జనవరి సగంలో కనిపించు" అని ఫోన్ పెట్టేశారు. షామిని గడియారం చూసుకుంటూ, "రేపటితో టాక్స్ ఇయర్ అయిపోతుంది అప్పా. దేవుడికి ఏం తొందర?" అంది. నేను కూతురి మాట విన్నాను.

4. ఈ సందర్భమున తమ శాఖవారిపై ఒక ప్రత్యేక ఫిర్యాదు. పన్నుల సంవత్సరమును పట్టుకుని ధనుర్మాసం నడిమధ్యన ముగించుట ఏమి న్యాయము? అర నెల ఓపిక పట్టి ముగించి ఉంటే నాకీ గతి పట్టేది కాదు. పైవారికి తెలియజేసి వచ్చే సంవత్సరం నుండి సవరించగలరు.

5. అమ్మ ఇక వాదించలేదు. ముందు తలుపు తెరిచి, డ్రైవరు పక్క సీటులో కూర్చుని, కర్రను కాళ్ళ మధ్య నిలబెట్టుకుని, "అప్పన్న ఎక్కడుంటే నాను అక్కడ. పోనీ నాయనా" అంది షణ్ముగం గారితో. పెద్దావిడ నిలయం చూడాలని సరదాపడుతోందని ఆయన అనుకున్నారు. పోనిచ్చారు. అలిగింది, మధ్యాహ్నానికి చల్లబడుతుందని నేను అనుకున్నాను. మధ్యాహ్నం వెళ్ళి చూస్తే అమ్మ భోజనం ముగించి, కిటికీ పక్క మంచం ఎంచుకుని, పక్క మంచం లోగేశ్వరమ్మతో ఆకువక్క వేసుకుంటోంది. "దేవుడు దిగినాక నానూ దిగుతాను, నువ్వెల్లు" అంది. చీరలు పంపించమంది. చేసేది లేక పంపించాను.

6. ఇక ఊరు ఊరుకుంటుందా? పసార్‌ సంతలో చేపలమ్మే పాపాత్తి, జనమంతా వినేట్టు, "ఏం కన్నబాబన్నా, కారుతోటి అమ్మనీ ఇచ్చేసినారంటలా? రెండిటికీ టాక్స్ కట్ అవుతాదా?" అంది. నా వెనకున్న ఒకాయన, "మా అత్తగారు కూడా ఉంది. ఎక్కడ ఇవ్వాలో కొంచెం చెప్పన్నా" అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వుదామని చూశాను, రాలేదు. చేపలు కొనకుండానే వచ్చేశాను. పన్ను తగ్గించుకోవడానికి కన్నతల్లిని దానమిచ్చినవాడినని ఇప్పుడు గుడిలో కూడా నన్ను వేలెత్తి చూపిస్తున్నారు.

7. ధనుర్మాసం ముగిసింది. పూజారి నిలయానికి వచ్చి మంత్రం చెప్పారు. మెకానిక్ మరలు విప్పాడు. అప్పన్న దిగాడు. నేను ఉతికిన చొక్కా తొడుక్కుని, కొత్త కారు తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాను. అమ్మ అప్పన్నను కొంగులో పెట్టుకుని నా ముందు నుంచే నడిచి, నేరుగా నిలయం పూజగదిలోకి వెళ్ళి, ఆయనను అక్కడ పెట్టించేసింది. తిరిగి వచ్చి పాత కారు ముందు సీటులోనే కూర్చుంది.

"దేవుడు దిగాడు కదమ్మా" అన్నాను.

"దిగినాడు. లోగేశ్వరికి కంటి డాక్టరు కాడ టైమయిపోతంది. తలుపు అడ్డం తప్పుకో" అంది.

8. ప్రస్తుతం ఆ కారు మీద సర్వాధికారాలూ మా అమ్మవి. ఎవరిని ఆస్పత్రికి పంపాలి, ఎవరిని గుడికి, ఎవరిని ఊరికే గాలి పోసుకోవడానికి మోరిబ్ సముద్రం ఒడ్డుకు, అన్నీ ఆమె చెప్పినట్టే జరుగుతాయి. డ్రైవరు లేనందున షణ్ముగం గారే నడుపుతారు. ఆమె పక్కన కూర్చుని, "మెల్లిగా, మెల్లిగా" అంటుంది. మధ్యాహ్నం అదే కారు మా ఇంటి ముందు ఆగుతుంది. అమ్మ దిగి, చేపల పులుసు తిని, చింతపండు చాలలేదని విజయరాణికి చెప్పి, వెళ్ళిపోతుంది. తమరు అడిగిన ప్రశ్నకు ఇదే జవాబు. కారును నేను వాడుకోవడం లేదు. మా అమ్మ నా ఇంటికి చుట్టంలా వచ్చి పోతోంది.

9. ఇంట్లో ఏమీ బాగులేదు. కాఫీ చల్లారిందని పొద్దున్నే తిట్టేవారు లేరు. టీవీ రిమోట్ రోజంతా నా చేతిలోనే ఉంటోంది, ఏం చూడాలో తెలియడం లేదు. కాపురానికి వచ్చిన నాటి నుంచి అత్తగారితో పోట్లాడుతున్న విజయరాణి మొన్న పప్పులో ఉప్పు ఎక్కువ వేసింది. ఎవరూ ఏమీ అనలేదని కళ్ళు తుడుచుకుంది. నాకు అమ్మ కావాలి. ఈ మాటను ఆఫీసు భాషలో ఎలా రాయాలో ఎంత ఆలోచించినా తట్టలేదు, అందుకని ఉన్నది ఉన్నట్టు రాశాను.

10. కారు లేకపోతే అమ్మకు అక్కడ పెత్తనం ఉండదు, పెత్తనం లేకపోతే అక్కడ ఉండదు. ఇది నా ఎత్తు. కాబట్టి కారు తిరిగి ఇచ్చేయమని షణ్ముగం గారిని బతిమాలాను. ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి, "సార్, నాకు ఇచ్చేయాలనే ఉంది. కమిటీ ఒప్పుకోదు. ఈ దానం చెల్లదని టాక్స్ ఆఫీసు ఒక్క ముక్క రాసిస్తే మర్నాడే తెచ్చి మీ వాకిట్లో పెడతాను. అమ్మగారిని కూడా" అన్నారు. చివరి మాట అంటున్నప్పుడు ఆయన కళ్ళలో నాకంటే ఎక్కువ ఆశ కనిపించింది. అమ్మ ఈమధ్య వాళ్ళ వంటగదిలో కూడా కాలు పెట్టిందట.

కావున, తమరు సదరు దానమును చెల్లనిదిగా తేల్చవలెను. కారణములు తమకు దొరకనిచో నేనే సమర్పించుకుంటున్నాను. దానం చేసింది దయతో కాదు, పన్ను కోసం. చేసింది చేయకూడని మాసంలో. పైగా బండిలో దేవుడుండగా తాళంచెవి ఇచ్చాను, తల్లి కూర్చుని ఉండగా బండి పోనిచ్చాను. వీటిలో ఏది నచ్చితే అది రాసుకోవచ్చు, మూడూ నిజమే. జరిమానా ఏదైనా ఉంటే అది కూడా వేయవలసిందిగా ప్రార్థన. జరిమానా పడితే పాపాత్తి నోరు మూతపడుతుంది.

నా మొర చిత్తగించి, కనికరం చూపక నన్ను శిక్షించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు (ఇంట్లో ఎవరినడిగినా ఈ మాట ఒప్పుకోరు),
అప్పడు కుమారుడు కన్నబాబు

తా.క.: దీన్ని కవరులో పెడుతుండగా అమ్మ భోజనానికి వచ్చింది. "ఏటది?" అంది. అర్జీ అన్నాను. చదవమంది. ఆమె పులుసు కలుపుకుంటుంటే మొదటి నుంచి చదివాను. ఏనుగు దగ్గర నవ్వింది. పాపాత్తి దగ్గర పొట్ట పట్టుకుని నవ్వింది, పొలమారింది, విజయరాణి వచ్చి అమ్మ నెత్తి మీద తట్టి నీళ్ళు ఇచ్చింది. తొమ్మిదో అంశం దగ్గర నవ్వు ఆగిపోయింది. ముద్ద చేతిలోనే పట్టుకుని నన్ను చూసింది.

"ఆపీసరుని అడగతన్నావు. ఆ మేనేజరుని అడిగినావు. నన్ను రమ్మని అడిగినావేట్రా? బండి ఇచ్చినప్పుడు ఒక మాట అడగలేదు. నాను ఎక్కి కూకుంటే, దిగమ్మా అని సెయ్యి పట్టుకోలేదు. అప్పన్న దిగితే అమ్మా దిగుతాదిలే అని సూస్తా నిలబడినావు. సీరలు పంపమంటే పంపించేసినావు, ఓరి పిచ్చోడా!"

అయ్యా, తలుపు తెరిచి పట్టుకున్నాను, చొక్కా ఉతుక్కున్నాను, పూజారిని పిలిచాను. రా అని మాత్రం నోటితో అనలేదు. అప్పుడే, విజయరాణి ఎదుటే, అన్నాను. "అమ్మా, ఇంటికి రా. నువ్వు లేకపోతే నాకేం బాగులేదు."

అమ్మ ఎడమ చేత్తో నా తల నిమిరింది. "వస్తాను. రేత్రి పడక ఇక్కడే. పగలు మాత్రం కుదరదు. ఆ ముసలోళ్ళని ఎవులు తిప్పుతారు? మేనేజరుకి ఆపీసు పనుంది, పాపం ఏడస్తన్నాడు. నువ్వు రిటైరైపోయి రిమోటు పట్టుకుని కూకున్నావు. బేగి సొక్కా ఏసుకో."

అందుచేత పై ప్రార్థన మొత్తం వెనక్కు తీసుకుంటున్నాను. దానం చెల్లుతుంది. మినహాయింపు ఇస్తారో మానుతారో తమ ఇష్టం, ఇస్తే పెట్రోలుకు పనికివస్తుంది. షణ్ముగం గారు ఇప్పటికే స్టీరింగు నాకు వదిలేసి వెనక సీటులోకి మారిపోయి హాయిగా కళ్ళు మూసుకున్నారు. అమ్మ పక్క సీటులోంచి చెయ్యి చాపి హారను కొడుతోంది. బొత్తాలు పెట్టుకుంటూ రాస్తున్నాను, వంకర అక్షరాలు మన్నించగలరు.