ఇద్దరికీ ఊ కొట్టిన అత్తమ్మ

శుక్రవారం, భూపాలపల్లి

ఇక లాభం లేదని అత్తమ్మను దవాఖాన నుంచి ఇంటికి తెచ్చి నేటికి తొమ్మిది రోజులు. పొద్దున ఏడింటికి, కాళేశ్వరం నుంచి తెప్పించిన గోదావరి నీళ్లు రెండు చెంచాలు ఆమె నోట్లో పోశాను. కళ్లు మూసుకుని దండం పెట్టింది. మధ్యాహ్నం ఆడబిడ్డ సుజాత వచ్చి, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. దానికీ అత్తమ్మ "ఆమేన్" అన్నది.

"అమ్మ యేసయ్యను నమ్మింది వదినా. నమ్మినోళ్లకే రక్షణ. ఇగ నాకు రంది లేదు" అని సుజాత ఏడుస్తూనే నవ్వింది. కాళేశ్వరం ముక్తేశ్వరుణ్ణి నమ్మితే ముక్తి అని నేనూ నీళ్లు పోసినదాన్నే.

ఆమె వెళ్లాక ఉండబట్టలేక అడిగాను. "నిజం చెప్పు అత్తమ్మా, నువ్వు ఎవర్ని నమ్మినవ్?"

"ఎవర్ని లేదు బిడ్డా. మీ మామ బొగ్గుబాయిల సచ్చిపోయిననాడే నమ్ముడు బంజేసిన. మీరిద్దరు పరేషాన్ అయితుండ్రని ఊ కొడుతున్న. జర చాయ్ పొయ్యి."

ఈ వాడలో ఎవరింట్లో పురుడైనా, చావైనా ముందు వెళ్లి నిలబడిన మనిషి. నమ్మలేదన్న ఒక్కదానికి ఏ దేవుడూ ఆమెకు తలుపు తియ్యడా? తీస్తే మరి సుజాత ఉపవాసాలు, నా సోమవారాలు దేనికి?

సుజాతతో చెప్పలేదు. ఆదివారం పాస్టరును తీసుకొస్తానన్నది. అత్తమ్మ మళ్లీ ఆమేన్ అంటుంది. అప్పుడు నేను ఎవరి ముఖం చూడాలో...